ఆదివారం కారు తీయొద్దన్నాను

బీరంగూడ,
ఫిబ్రవరి 6, శుక్రవారం.

చిరంజీవి నర్సింహులుకు అమ్మ దీవించి రాసుకునేది.

ముందుగా నీ ఒంట్లో ఎట్లా ఉంది నాయనా? ఆ కొండల చలికి నడుము మళ్లీ పట్టుకుందా? పోయిన ఉత్తరంలో నడుము గురించి ఒక్క ముక్క రాయలేదు. రాయలేదంటే బాగుందనుకోవాలో, బాగా లేక దాచావనుకోవాలో తెలియక రెండు పూటలు అన్నం సహించలేదు. అరుణకు థైరాయిడ్ గోళీలు అక్కడ దొరుకుతున్నాయా? పరగడుపున వేసుకుంటుందా, మరిచిపోయి టీ తాగినాక వేసుకుంటుందా? హర్షిణి దగ్గు తగ్గిందా? పదో తరగతి పరీక్షలని పిల్లను మరీ నిద్ర లేకుండా చదివించకండి. మీ పక్క క్వార్టరులో ఉండే అస్సాం అమ్మాయికి కాన్పు అయిందా? తల్లీబిడ్డా బాగున్నారా? ఆమెను నేను చూడలేదు గాని, నువ్వు నెలలు దగ్గర పడ్డాయని రాసినప్పటి నుంచి ఆమె గురించి కూడా మనసులో ఒక మూల గుబులుగానే ఉంది.

ఇక్కడ నేను, విఘ్నేశ్వర్ క్షేమంగా ఉన్నాము. క్షేమం అనే మాట నిజమే. ఇద్దరం తింటున్నాము, లేస్తున్నాము, వాడు పటాన్‌చెరు కంపెనీకి డ్యూటీకి పోయి వస్తున్నాడు. కాని ఈ వారం రోజులుగా నా గుండె ఒక చోట నిలవడం లేదు. ఎందుకో రాస్తాను. ఫోన్‌లో చెబుదామంటే నీ సైటులో సిగ్నల్ ఉండదు, హలో హలో అనడంతోనే సరిపోతుంది. పైగా ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నీ కొడుకుది. నేను మాట్లాడుతుంటే వాడు పక్కనే నిలబడి "నాయినకు కారు ముచ్చట చెప్పకు నానమ్మా" అని సైగ చేస్తుంటాడు. అందుకే వాడు డ్యూటీలో ఉన్నప్పుడు కూర్చుని రాస్తున్నాను. నాలుగో తరగతి చదువు నాది, అక్షరాలు వంకరగా ఉంటే కూడదీసుకుని చదువుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. నా మోకాలు మెట్లెక్కేటప్పుడే నొస్తుంది, దిగేటప్పుడు నొయ్యదు. కంటి చుక్కలు వేసుకుంటున్నాను. గుట్ట మీద శివరాత్రి జాతరకు ఇప్పటి నుంచే కొట్లు పెడుతున్నారు, ఈసారి నేను ఎక్కను, కింద నుంచే దండం పెట్టుకుంటాను, నువ్వు భయపడకు. ఇక కారు సంగతి. "వాడు కారును ఏం చేస్తున్నడు, నువ్వన్న నిజం రాయి" అని అడిగావు. రాస్తాను బిడ్డా.

నువ్వు పోయినసారి వచ్చినప్పుడు వాడు నీ తెల్ల కారుకు టర్బో పెట్టుకుంటానని, మార్చిలో పోటీల ట్రాకు మీద నడుపుతానని అడిగాడు. నువ్వు నా ముందే వాణ్ని ఒప్పించుకున్నావు గుర్తుందా? "ట్రాకు మీదికి లారీ మీద ఎక్కిచ్చుకొని తీస్కపో. బయట రోడ్డెక్కిందో, తాళంచెవి గుంజుకుంట" అన్నావు. సరే సరే అన్నాడు. నువ్వు రైలెక్కినాక టర్బో పెట్టాడు. దాని వెంట ఏవో పైపులు, కొత్త కంప్యూటరు డబ్బా, ఒక మీటరు వచ్చాయి. అన్నీ వాడూ, వాడి దోస్తు సునీల్‌కుమారూ కలిసి మన గేటు లోపలే బిగించారు. అప్పటిదాకా నాకు పెద్ద భయం లేదు. నిలబడి ఉన్న కారు ఎవరినేం చేస్తుంది?

ఆ తర్వాత "ట్యూనింగు" మొదలయింది. అదేమిటో ఒకరోజు అన్నం తింటూ వాడే చెప్పాడు. నీకు తెలిసిన పనే కావచ్చు, నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఇంజనుకు గాలి కావాలె, పెట్రోలు కావాలె, నిప్పు కావాలె నానమ్మా. టర్బో పెడితే గాలి ఎక్కువ దూరుతది. గాలికి తగ్గట్టు పెట్రోలు గూడ పోవాలె. తక్కువ పోయిందనుకో, లోపట మంట మస్తు వేడయితది, పిస్టన్ కరుగుతది. నిప్పు రవ్వ ముందుగాల పడ్డా గంతే, లోపట దడదడ కొట్టుకుంటది."

"కొట్టుకుంటే?"

"ఇంజను ఖతం."

"మరి నువ్వు?"

"నాకేమైతది? నేను లోపట కూసుంట గద!"

లోపల కూర్చుంటాడట. అదే కదరా నా భయం అన్నాను. వాడు నవ్వి ఇంకా రెండు ముద్దలు పెట్టించుకున్నాడు. పూర్తిగా తొక్కినప్పుడు, గాలికీ పెట్రోలుకూ లెక్క చూపే ఆ మీటరులో పదకొండున్నర చుట్టూ ఉండాలట. పన్నెండున్నర దాటి పదమూడు దిక్కు పోయిందంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, ఆ నిమిషమే కాలు తీయాలట. ఈ అంకెలు నాకెందుకు చెప్పాడో ఏమో. అప్పటి నుంచి గోడ గడియారంలో పన్నెండున్నర అయితే చాలు, నాకు చెమటలు పడుతున్నాయి.

ఈ లెక్కలు సరిచేయడానికి రెండు దారులున్నాయట. ఒకటి డైనో. అంటే నేలలో రోలర్లు ఉంటాయి, కారు చక్రాలు వాటి మీద పెట్టి, బెల్టులతో కట్టేసి, నిలబడ్డ చోటనే ఉరికిస్తారట. రెండోది రోడ్డు. ఒకడు నడపాలి, ఇంకొకడు పక్కన ల్యాప్‌టాప్ పట్టుకుని అంకెలు చూడాలి. నేను డైనోకే పొమ్మన్నాను. "డైనోకు లైన్ ఉంది నానమ్మా, జల్దీ తారీఖు దొరుకది. అందరు రోడ్డు మీదనే చేసుకుంటరు" అన్నాడు. అందరూ అంటే ఎవరని అడిగితే సునీల్ అన్నాడు. సునీల్ ఒక్కడే అందరూ అయ్యాడు వీడికి!

కొల్లూరు దిక్కు, ఔటర్ రింగు రోడ్డుకు పక్కగా, వెంచర్ వాళ్లు వేసిన కొత్త రోడ్డు ఒకటి ఖాళీగా ఉంటుందట. ఆదివారం తెల్లవారగానే అక్కడికి పోయేవారు. ఖాళీ అంటే నేను నమ్మలేదు. ఆ పక్కనే ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్లున్నాయి, వేలమంది ఉన్నారు, పొద్దున నడకకు వచ్చేవాళ్లు, పాలకు పోయే పిల్లలు, కుక్కలు. నీకు రాయాలని మూడుసార్లు కాగితం తీశాను. "రాస్తే నాయిన కారు అమ్మేస్తడు, నువ్వే నన్ను ముంచినట్టు" అన్నాడు. రాయకపోతే ఏమవుతుందో అని, రాస్తే వాడు నాతో మాట్లాడడేమో అని, రెండు భయాల మధ్య కూర్చుండిపోయాను. మూడు ఆదివారాలు పోయి వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట. "దమ్ము సరిపోతలేదు. టర్బో పాతది కదా, ఇంతే గుంజుతదేమో" అని గాలి ఒత్తిడి పెంచే స్క్రూను ఇంకొంచెం తిప్పేవాడు.

పోయిన ఆదివారం ఏమయిందో వినుకో. వాళ్లిద్దరూ పోయారు. నేను ఇడ్లీ పిండి గిన్నె ముందు పెట్టుకుని గేటు దిక్కే చూస్తున్నాను. ఎప్పుడూ వచ్చే వేళ దాటింది. తర్వాత చూస్తే కారు తాడు కట్టుకుని ఒక ట్రాలీ ఆటో వెనకాల వస్తోంది. స్టీరింగు దగ్గర నా మనవడు, ముఖంలో రక్తం చుక్క లేదు. సునీల్ దిగి మంచినీళ్లు అడిగాడు. రెండు గ్లాసులు తాగినాక గాని సంగతి చెప్పలేదు.

మూడు వారాలు లేని దమ్ము ఆరోజు ఒక్కసారిగా వచ్చిందట. తొక్కగానే కారు ఎగిరినట్టు పోయిందట. ఒత్తిడి ఎప్పుడూ లేనంత పైకి లేచింది, మీటరు పదమూడు దాటింది, డబ్బాలో కంకర వేసి ఊపినట్టు ఇంజనులో నుంచి చప్పుడు. "కాలు తియ్‌రా!" అని సునీల్ అరిచాడు. వీడు తీశాడు. తీసేలోపే కంప్యూటరు డబ్బా తనంతట తానే పెట్రోలు ఆపేసింది. అంత వేగంలో బండి ఒక్కసారి గుంజినట్టయి అడ్డం తిరిగి, రోడ్డు దిగి మట్టిలో ఆగిందట. అక్కడ ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఉంటే? ఆ "ఉంటే" దగ్గరే నా ఆలోచన రోజూ ఆగిపోతోంది నాయనా.

ఇంజను పోలేదు. ప్లగ్గులు విప్పి చూశారు. ఒక ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలున్నాయి. అది లోపల కొట్టుకున్నదానికి గుర్తట. నాలుగు సిలిండర్లలో ఒత్తిడి కొలిచి చూశారు, సరిగానే ఉంది. కాని ఎందుకిట్లా అయిందో ఇద్దరికీ అంతుపట్టలేదు. వారమంతా డ్యూటీ నుంచి రాగానే కారు కిందే ఉన్నాడు. పెట్రోలు పంపు తప్పు అని అది మార్చాడు. ఇప్పుడేమో, ఈ ఆదివారం మళ్లీ పోతాడట. ఎక్కడ కొట్టుకుంటుందో చూస్తే గాని తప్పు దొరకదట.

"పోకురా" అన్నాను.

"మెల్లగ పోత నానమ్మా."

"పోయిన వారం గూడ మెల్లగ పోయినవా?"

"ఇప్పుడు పంపు కొత్తది."

"పంపు కొత్తదైతే నీ పానం గూడ కొత్తది వస్తదా? ఆదివారం కారు తియ్యొద్దు. తీస్తే నేను గేటుకు అడ్డం పండుకుంట."

"పండుకో. గోడ దిక్కు జరిగి పండుకో, బండికి జాగ ఉండాలె" అన్నాడు. తమాషాకే అన్నాడు. కాని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అందుకే నిన్న నేను ఒక పని చేశాను. మన ఎదురింటి మొగులమ్మను తోడు తీసుకుని, కమాన్ దగ్గర షేర్ ఆటో ఎక్కి పటాన్‌చెరు పోయాను. పారిశ్రామికవాడలో ఆ డైనో షెడ్డు ఎక్కడుందో సునీల్‌ను అడిగి తెలుసుకున్నాను. అక్కడి మనిషితోనే విఘ్నేశ్వర్‌కు ఫోన్ చేయించి "రా, రోడ్డు మీద వద్దు" అని చెప్పిద్దామని నా ఆశ.

షెడ్డులో ఒక ఎర్ర కారును నాలుగు దిక్కులా బెల్టులు వేసి నేలకు కట్టేసి ఉంచారు. ముందర మనిషంత ఫ్యాను. పొగగొట్టానికి ఇంకో పెద్ద గొట్టం తగిలించి పొగను బయటికి పంపుతున్నారు. కారు ఒక్కసారిగా అరవగానే నేను చెవులు మూసుకున్నాను. చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంది.

"గానుగెద్దు లెక్క కట్టేసి ఉరికిస్తున్నరేందే అక్కా!" అంది మొగులమ్మ. "దీని మీద ఎక్కిచ్చి మా ఇంటాయనను గూడ ఒకపూట ఉరికిస్తే బాగుండు, పొట్ట తగ్గుతది."

ఆ షెడ్డు ఆయన పేరు మురళీమోహన్. చెవులకు డాక్టరు పెట్టుకున్నట్టు ఏదో పెట్టుకుని ఇంజను చప్పుడు వింటున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు.

"అమ్మా, బెల్టు దగ్గర నిలవడకుండ్రి, జెర ఎనుకకు రాండ్రి. ఎవలు గావాలె మీకు?"

విషయమంతా చెప్పాను. ఓపికగా విన్నాడు. "ఇక్కడైతే ఏం కాదు గదా బాబూ?" అని అడిగాను.

"ఇక్కడ గూడ తప్పు చేస్తే ఇంజను పోతది అమ్మా. రోలర్లేం దేవుళ్లు కావు. గని ఇక్కడ కారును నాకు కావాల్సిన వేగం కాడ పట్టి నిలవెట్టగలుగుత. లెక్క చూసుకుంట, సరిచేసుకుంట, మల్ల పోత. రోడ్డు మీద ఎట్ల నిలవెడ్తవు? ఎదురుంగ లారీ ఉంటది, ఎనుక ఇంకోడు హారన్ కొడ్తుంటడు."

"మరి రోడ్డు మీద చేసెటోళ్లు లేరా?"

"ఉన్నరు. డైనో మీద చేసినంక గూడ ఒకసారి నడిపి చూడాలె, ఎందుకంటె ఇక్కడి ఫ్యాను అసలు గాలి గాదు గద. గని గది మూసిన ట్రాకు మీద. పెట్రోలు కొంచెం ఎక్కువ పెట్టి, నిప్పు రవ్వ కొంచెం ఆలిశంగ పడేటట్టు పెట్టి, జెర జెర పెంచుకుంట పోవాలె. నడిపెటోని కండ్లు రోడ్డు మీదనే ఉండాలె, అంకెలు పక్కోడు చూడాలె. తేడా వస్తే ఇగ ఆనాటికి బంద్ చేసి ఇంటికి పోవాలె. మీవోడు బంద్ చేసిండా?"

"చెయ్యలే. స్క్రూ తిప్పిండు."

ఆయన తల ఊపాడు. "దమ్ము ఎందుకు లేదో చూడకుంట స్క్రూ తిప్పుడే పెద్ద తప్పు. నేనైతే కట్టే ముందల చానసేపు బండి కిందనే ఉంట. గాలి పోయే దారి మొత్తం చెయ్యి పెట్టి చూస్త. ఒకసారి ఒకాయన బండిల ఫిల్టరు మీద కాయితం సంచి అతుక్కొని ఉండె. గాలి దారి మూసుకొని ఉన్నప్పుడు లెక్కలు రాసి, ఒత్తిడి పెంచి పెట్టినవనుకో. రేపు ఆ సంచి ఊడిపోతది. గాలి ఒక్కసారి ఎగబడ్తది. లెక్కలల్ల అంత పెట్రోలు రాసి ఉండది. ఇంజను పోతది, మనిషి గూడ పోవచ్చు."

నర్సింహులూ, ఆ మాట విన్నాక నాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. అది డైనో అదురు కాదు. మొగులమ్మ "ఏమైందక్కా, మొకం గట్ల తెల్లగైంది?" అంటే ఆకలి అన్నాను. ఆ పిల్ల నిజమనుకుని బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు ఇప్పించింది. ఒక్కటి కూడా దిగలేదు.

ఇప్పుడు రాయబోయేది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. చదివి కోపం తెచ్చుకో, కాని పూర్తిగా చదువు.

నేను రోజూ గేటు లోపల పీట వేసుకుని కూర్చుని బియ్యం ఏరుకుంటాను గదా. కారు ముందు భాగం సరిగ్గా నా కళ్లకు ఎదురుగా ఉంటుంది. నిలబడ్డవాళ్లకు కనిపించనిది నాకు కనిపిస్తుంది. మంచులో వేసుకునే చిన్న లైటు ఉండేది చూడు బంపరుకు కింద, గాలి బాగా తగలాలని వాడు దాన్ని తీసేసి బొక్క అట్లాగే వదిలేశాడు. ఆ బొక్కలోంచి చూస్తే లోపల కొబ్బరికాయంత ఎర్రటి గాలి ఫిల్టరు, దాని చుట్టూ మూత లేదు ఏమీ లేదు. కొత్తది, నవనవలాడుతోంది. మన వీధిలో దుమ్ము నీకు తెలియనిదా? సిమెంటు లారీలు, కాజీపల్లి దిక్కు నుంచి వచ్చే పొగ, పొద్దున తుడిచిన గేటు మధ్యాహ్నానికి బూడిద రంగు. ఆ ఫిల్టరు నోరు తెరుచుకుని ఆ దుమ్మంతా తాగుతున్నట్టు అనిపించింది నాకు. వాడు ఎంత ఇష్టంగా పెట్టుకున్నాడు, పాడవుతుంది పాపం అనుకున్నాను.

మన నల్లాకు గుడ్డ కడతాను గదా, ఇసుక, నలకలు రాకుండా. నా చిన్నప్పటి నుంచి ఎక్కడ నల్లా ఉంటే అక్కడ గుడ్డ కట్టిన చెయ్యి ఇది. నా పాత నేత చీర ముక్క తీసి రెండు మడతలు వేసి, ఆ బొక్కలో చెయ్యి పెట్టి, ఆ ఫిల్టరుకు కూడా కట్టాను. మంచి ముడి వేశాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పని అనిపించలేదు. నల్లాకు కట్టినప్పుడు చెబుతామా ఎవరికన్నా?

ఆ గుడ్డ లోపల కట్టి ఉండగానే నా మనవడు మూడు ఆదివారాలు ఆ లెక్కలు రాశాడు. దమ్ము లేదని స్క్రూ తిప్పాడు. పోయిన శనివారం నల్లా గుడ్డ ఉతుకుతూ, దీన్ని కూడా విప్పి ఉతికాను. మబ్బు పట్టి ఆరలేదు. ఆరినాక కడదాం లెమ్మని తీగ మీద వదిలేశాను. తెల్లవారి ఆదివారం. వాడు కారు తీశాడు.

ఆ మూడు ఆదివారాలు నేను ఇంట్లో కూర్చుని దండం పెట్టని దేవుడు లేడు. వాణ్ని ప్రమాదంలోకి తోసింది నా చెయ్యే అయింది. నిన్న సాయంత్రం వాడు వచ్చాడు, అన్నం పెట్టాను, నోరు తెరవలేకపోయాను. చెబితే ఇక నన్ను తన వస్తువు దేన్నీ ముట్టనివ్వడేమో. నా ముఖం చూసినప్పుడల్లా ఆ రోడ్డు గుర్తుకు వస్తుందేమో. చెప్పకపోతే ఎల్లుండి ఆదివారం. చెప్పకుండా ఆ గుడ్డ మళ్లీ కట్టేస్తే బాగుంటుందని కూడా ఒక క్షణం అనుకున్నాను నాయనా, అంత దిక్కుతోచలేదు. అట్లా చేస్తే ఏమవుతుందో నాకు తెలియదు గదా. తెలియకుండా చేసినదానికే ఇంత జరిగింది.

వాడు వచ్చే వేళ అయింది. ఇవాళ చెబుతాను. చెప్పినాకే ఈ ఉత్తరం పూర్తి చేస్తాను.

శనివారం పొద్దున రాస్తున్నాను.

చెప్పాను. నిన్న వాడు వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాడు. టీ చేతికిచ్చి, ఆ గుడ్డ తెచ్చి ముందు పెట్టాను.

"ఏంది నానమ్మా ఇది?"

"నీ కారుది."

"నా కారుకు చీర ముక్కెక్కడిది?"

"నేనే కట్టిన. లోపట ఎర్రగుంటది చూడు, దానికి. దుమ్ము పోతుందని."

టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎప్పుడు కట్టినవ్?"

"నువ్వు బంపరు బిగించిన మూడు దినాలకు."

"తీసిందెప్పుడు?"

"మొన్న శనివారం. ఉతికిన. ఆరలే."

లేచి బయటికి పోయి, నేల మీద బోర్లా పడుకుని, ఆ బొక్కలో చెయ్యి పెట్టి చూశాడు. లోపలికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాడు. ఏవో గీతలు. మూడు ఆదివారాల గీతలు ఒకే తీరుగా అణిగి ఉన్నాయి, పోయిన ఆదివారంది నిట్టనిలువుగా లేచింది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అట్లా చూడటం కంటే నన్ను తిట్టినా బాగుండు అనిపించింది. తర్వాత సునీల్‌కు ఫోన్ చేసి స్పీకరు పెట్టి సంగతి చెప్పాడు. అవతల వాడు పడీ పడీ నవ్వాడు.

"అరేయ్, మీ నానమ్మ మన ఇంజనుకు ముసుగేసి పెండ్లిపిల్లను చేసిందిరా!"

"నవ్వకు బే" అన్నాడు విఘ్నేశ్వర్. "తప్పు ఆమెది కాదు. మూడు వారాలు దమ్ము లేదు, దమ్ము లేదు అనుకుంట స్క్రూ తిప్పినం గని, ఒక్కనాడన్న వంగి చూసినమా? డెబ్బై ఏండ్ల ముసలామె చెయ్యి పట్టిన కాడ మన కన్ను పట్టలే."

ఫోను పెట్టేసి నా దిక్కు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు చెప్పకుంటె రేపాదివారం కొత్త పంపు పెట్టిన అన్న ధీమాతోని ఇంకింత తొక్కెటోన్ని నానమ్మా."

"మరి నువ్వు ఇంక తొక్కనని నాకు మాట ఇయ్యి."

ఇచ్చాడు. ల్యాప్‌టాప్ నుంచి కారుకు కలిపే తీగ తెచ్చి నా చేతిలో పెట్టాడు. బియ్యం డబ్బాలో అడుగున దాచాను. అయినా రాత్రి రెండుసార్లు లేచి కారు ఉందో లేదో చూశాను. మాట మీద నమ్మకం లేక కాదు, అలవాటయిన భయం.

ఇవాళ పొద్దునే మురళీమోహన్‌కు ఫోన్ చేశాడు. ఆయన చెప్పిందేమంటే, మొదట పాత లెక్కలన్నీ చెరిపేసి, స్క్రూ మొదటికి తిప్పి, బండి కింద అంతా చూసి, అప్పుడు రోలర్ల మీద కొత్తగా మొదలుపెడతారట. కారు నడుపుకుంటూ తేవద్దు, లారీ మీద ఎక్కించి తెమ్మన్నాడు. ఇంకొక మాట కూడా అన్నాడు. బండి కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ఆ మనిషి దగ్గర ఉండి ఒప్పుకుంటేనే బెల్టు కడతాడట. దొంగచాటుగా తెచ్చే పిల్లలతో ఇంతకుముందు తిప్పలు పడ్డాడట. కాగితాలు నీ పేరున ఉన్నాయి. ఇంతవరకు నీకు తెలియకూడదని తిరిగినవాడు ఇప్పుడు నువ్వు రాకపోతే అడుగు ముందుకు వేయలేడు. నీకు తనే ఫోన్ చేసి చెబుతానన్నాడు, కాని సిగ్నల్ దొరికి మాట వినిపించేసరికి ఈ ఉత్తరమే నీకు ముందు అందుతుందేమో.

వాణ్ని తిట్టు, తిట్టొద్దని నేను అనను. కాని వచ్చీ రాగానే వద్దు, ముందు ఇద్దరూ కలిసి ఒక పూట అన్నం తినండి. నన్ను కూడా తిట్టు. కారు అమ్మేస్తానని మాత్రం వెంటనే అనకు. నువ్వు అక్కడ నీళ్లతో తిరిగే యంత్రాన్ని బిగిస్తావు, వాడు ఇక్కడ గాలితో తిరిగేదాన్ని. పక్కన నిలబడి నీకు తెలిసింది వాడికి చెప్పు, వాడికి తెలిసింది విను. ఆ తర్వాత ఉంచాలో అమ్మాలో మీరిద్దరూ తేల్చుకోండి. వాడు ఆ రోడ్డు మీదికి పోకపోతే నాకు చాలు.

నీ ఉత్తరం చివర సెలవు పదహారు దాటినాక ఎప్పుడైనా దొరుకుతుంది, ఎప్పుడు రమ్మంటావో రాయమన్నావు. అరుణను, హర్షిణిని ఇప్పుడు కదిలించకు, పిల్లకు పరీక్షలున్నాయి, నువ్వొక్కడివే రా. రైల్లో కింది బెర్తే తీసుకో, నడుముకు మంచిది. దారిలో నీళ్ల సీసా మూత సరిగ్గా ఉందో లేదో చూసి కొనుక్కో. శుక్రవారం పొద్దు గూకేలోపు ఇల్లు చేరేటట్టు బయలుదేరు, బండి ఆలస్యమయితే అని ఒక పూట ముందే ఎక్కు. కారుతో పాటు నేను కూడా షెడ్డుకు వస్తాను, మీరిద్దరూ ముందు నడవండి, నేను వెనకనే ఉంటాను, దేన్నీ ముట్టను. మురళీమోహన్ మనకిచ్చిన రోజు ఫిబ్రవరి ఇరవై ఒకటి, శనివారం.

ఇట్లు,
నువ్వొచ్చేదాకా ఆ తీగకు కాపలా ఉండే
మీ అమ్మ,
దేవమ్మ.